వంత మాత్రమే వచ్చిన కుర్మయ్య

"డోలు పాండు ఇల్లు ఎక్కడండీ?" అని అడిగేవాళ్లు వారానికి ఒకరైనా నా బండి దగ్గర ఆగుతారు. పాండు అంటే తెలియనివాళ్లు ఇప్పుడెవరున్నారు? సినిమాల్లో అతని డోలు, పెద్ద పెద్ద వేదికల మీద అతని డోలు, టీవీ పాటల పోటీల్లో మార్కులు వేసే కుర్చీలో అతను. అలాంటి మనిషి చిన్నప్పుడు మా తొండుపల్లిలో గొర్రెల వెంట తిరిగాడంటే జనానికి చూడాలనిపిస్తుంది. చూడడానికి ఏమీ లేదు. పాండు పుట్టిన ఇల్లు ఉన్నచోట ఇప్పుడు కార్ల పార్కింగ్ ఉంది. విమానం ఎక్కేవాళ్లు అక్కడ కార్లు పెట్టిపోతారు. ఆ మాట చెప్తే వచ్చినవాళ్ల ముఖాలు వాడిపోతాయి. ఫొటో దిగడానికి ఒక గోడైనా మిగల్చలేదా అన్నట్టు నా వంక చూస్తారు, నేనే కూలగొట్టినట్టు.

"అగో, ఆ గేటు కాడ కూసున్నడు చూడండ్రి, కుర్మయ్య మామ. పాండును చిన్నప్పటి సంది ఎరిగినోడు. ఆయన్ని అడగండ్రి," అని చెప్పి నేను నా ఇడ్లీల పని చూసుకుంటాను.

నేను చెప్పబోయేది ఆ కుర్మయ్య గురించే. పాండు గురించి చెప్పేవాళ్లకు కరువు లేదు.

నా పుట్టిల్లు బుద్వేల్. నేను పెళ్లయి తొండుపల్లికి వచ్చేసరికే ఎయిర్‌పోర్టు వచ్చేసింది, గొర్రెల మందలు పోయాయి. మా ఆయన కొండల్ క్యాబ్ నడుపుతాడు, నేను సర్వీసు రోడ్డు పక్కన టిఫిన్ బండి నడుపుతాను. కొత్త కోడలికి నోరెక్కువ అని మా అత్త అప్పట్లో ఊరంతా చాటింది. అబద్ధమేమీ చెప్పలేదు పాపం. ఎవరైనా ఇడ్లీ తిని చట్నీకి వంక పెడితే నేను ఊరుకోను.

కుర్మయ్య మామ నాకు పూర్తిగా వ్యతిరేకం. నా బండికి ఎదురుగా ఉన్న పార్కింగ్ గేటు దగ్గర వాచ్‌మన్. వాళ్లిచ్చిన నీలం చొక్కాలో ఇంకొక మనిషి పడతాడు. పిల్లలు పుట్టలేదు, భార్య ఈరమ్మ పోయి చాలా ఏళ్లయింది, గేటు పక్కన రేకుల గదిలో ఒక్కడే ఉంటాడు. పొద్దున్నే వచ్చి నా బండి ముందరి బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తిని చాయ్ తాగుతాడు. ఎవరేం చెప్పినా తల ఊపి "అవునయ్యా, అవును" అంటాడు. క్యాబ్ డ్రైవర్లకు అదొక ఆట.

"మామా, రేపటి సంది విమానాలు మన సర్వీసు రోడ్డు మీదనే దిగుతయట."

"అవునా అయ్యా! దిగుతయి మరి, జాగ మస్తున్నది గద."

"మామా, ఎయిర్‌పోర్టోళ్లు నీకు మళ్ల పెండ్లి చేస్తమంటుండ్రు."

"అట్లనా! చెయ్యనియ్యి."

అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మామా, కాదు అనే మాట నీ నోట్లె రానే రాదా?"

"రాదు బిడ్డా," అన్నాడు చాయ్ ఊదుకుంటూ. "అలవాటు లేదు. నేను వంతోన్ని."

ఒగ్గు కథ చూసినవాళ్లకు ఇది తెలుసు. కథ చెప్పేవాడు ముందు నిలబడి మాట ఎత్తుకుంటాడు. పక్కన వంత మనిషి ఉంటాడు. ముందువాడు "రాజు కొండెక్కిండు" అంటే వంతవాడు "ఎక్కెనా అయ్యా, ఎక్కెను" అని అందుకోవాలి. అతను అందుకుంటేనే ముందువాడికి తర్వాతి మాట వస్తుంది. పాండు తండ్రి రాజయ్య ఈ చుట్టుపక్కల పేరున్న కథకుడు. కుర్మయ్య ఆయనకు వంత. వయసులో ఇద్దరికీ పెద్ద తేడా లేదు, ఇద్దరూ కలిసి గొర్రెలు కాశారు, కలిసి కథకు పోయారు. రాజయ్య జట్టులో ఒక కట్టుబాటు ఉండేదట. వంత మనిషి ఎన్నడూ తానై మాట ఎత్తకూడదు, ఎన్నడూ కాదనకూడదు. ముందువాడు ఊరి పేరు తప్పు చెప్పినా, అల్లుడిని కొడుకన్నా అవుననే అనాలి. కాదంటే కథ తెగుతుంది. బీరప్ప గుడి ముందర కథ తెగితే ఊరికి మంచిది కాదని వాళ్ల నమ్మకం. ఒకసారి రాజయ్య నిద్రమత్తులో ఒకే రాజును రెండుసార్లు చంపాడట. కుర్మయ్య రెండుసార్లూ ఏడ్చాడట.

ఈ సంగతి చెప్పి ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత, "రాజన్న పోయిండు, కథ పోయింది బిడ్డా. నాకు వచ్చింది వంత ఒక్కటే. దాంతోని ఏం జేస్త?" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం బండి కడిగి నీళ్లు పారబోయడానికి గేటు వైపు పోయాను. కార్లు ఏమీ రావడం లేదు. మామ కుర్చీలో కూర్చుని, ఒక చెవి మీద చెయ్యి పెట్టుకుని, "పుట్టెనా అయ్యా, పుట్టెను" అన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. మళ్లీ "పెరిగెనా అయ్యా, పెరిగెను" అన్నాడు. మళ్లీ ఊరుకున్నాడు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడనుకున్నాను. చేతిలో ఫోన్ లేదు. ఊరుకున్నప్పుడల్లా ఆయన తల కొద్దిగా పక్కకు వంచి, రాజయ్య తన మాట చెప్పడం అయ్యేదాకా ఆగుతున్నాడు. అది తెలిసేసరికి నాకు దుఃఖం వచ్చింది. బకెట్ అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆయనకు వారమంతా కలిపి ఒకటే సంబరం, ఐతారం పొద్దున పాండు ఫోన్. మామ దగ్గరున్న డబ్బా ఫోన్లో ఆయనకు సరిగ్గా వినపడదు కాబట్టి పాండు నా నంబరుకే చేసేవాడు. "అక్కా, కాకకు ఇయ్యి" అనేవాడు. అంత పేరున్న మనిషి నన్ను అక్కా అంటే నాకు ఆ రోజంతా గర్వంగా ఉండేది, చట్నీ కూడా కాస్త ఎక్కువ వేసేదాన్ని. నేను స్పీకర్ పెట్టి బెంచీ మీద ఫోన్ ఆనించేదాన్ని. పాండు మంచిచెడ్డలు అడిగి, చివర్న తండ్రి గొంతుతో కథలోని మాట ఒకటి ఎత్తేవాడు. చిన్నప్పుడు డోలు కొడుతూ విన్న మాటల్లో అతనికి గుర్తున్నవి కొన్నే. అవే మార్చి మార్చి అనేవాడు. మామ ఛాతీ పొంగించి వంత పలికేవాడు. అక్కడితో పాండు నవ్వి పెట్టేసేవాడు. పని ఉంటుంది కదా. మామ మాత్రం ఆ ఒక్క మాట మీద మళ్లీ ఐతారం దాకా బతికేవాడు.

మొన్న వేసవిలో ఒక చానల్‌వాళ్లు వచ్చారు. పాండు బాల్యం మీద ఏదో చేస్తున్నారట. వాళ్లలో ఒకతను తెల్లచొక్కా, చక్కని గొంతు, మాట సాగదీసి మాట్లాడుతున్నాడు. నేను గేటు వైపు చూపించాను. పార్శిళ్లు కడుతూ దూరం నుంచి చూశాను. మామ మొదట బెదురుగా నిలబడ్డాడు. కాసేపటికి చూస్తే, చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఒక కాలు ముందుకు వేసి, ముఖం వెలిగిపోతూ ఊగుతున్నాడు. ఇన్నాళ్లకు ముసలాయనకు మంచి కాలక్షేపం దొరికిందని సంతోషించాను కూడా.

కొన్నాళ్లకు మా కొండల్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "సునీతా, మీ మామ ఫేమస్ అయిండు, చూడు," అన్నాడు. వీడియో పేరు 'తండ్రే తరిమేసిన పాండు'. అందులో ఆ తెల్లచొక్కా అతను చెప్తున్నాడు: "డోలు కూడు పెట్టదని తండ్రి తిట్టాడు..."

"తిట్టెనా అయ్యా, తిట్టెను!" మామ.

"కోపం పట్టలేక ఆ డోలు తీసి బజారులో విసిరేశాడు..."

"విసిరెనా అయ్యా, విసిరెను!"

"మళ్లీ నా గడప తొక్కొద్దన్నాడు. ఆ పసివాడు ఏడ్చుకుంటూ హైవే పట్టుకుని నగరానికి నడిచాడు..."

"నడిచెనా అయ్యా, నడిచెను!"

దాన్ని లక్షలమంది చూశారు. కింద రాజయ్యను తిట్టనివాడు లేడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫోన్ లాక్కుని, పొయ్యి మీద నూనె అలాగే వదిలేసి, గేటు దగ్గరికి పోయాను.

"ఏంది మామా గిది? రాజయ్య కొడుకును ఎల్లగొట్టిండా? నువ్వు చూసినవా?"

"ఎవలన్నరు బిడ్డా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"నువ్వే అన్నవు! ఇను, నీ నోటితోని నువ్వే ఇను."

వీడియో పెట్టాను. ఆయన ఫోన్ మీదికి వంగి విన్నాడు. మొదట తన గొంతు వినగానే నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి విని, కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఆ సారు మాట ఎత్తిండు బిడ్డా. రాజన్న లెక్కనే సాగదీసి ఎత్తిండు. ఎన్నొద్దులాయె ఒకలు నాకు వరుసగ మాట ఎత్తక! ఒకటెనక ఒకటి ఎత్తుతనే ఉండె. నేను అందుకుంట పోయిన. ఏమంటుండో ఎవలు ఇన్నరు?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కన రాయి మీద కూర్చుని, అసలు జరిగింది ఏమిటని అడిగాను. ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పాడు.

పాండు చిన్నప్పుడు ఆ ఇంట్లో గొర్రెపిల్లలూ మనుషులూ ఒకే కప్పు కింద పడుకునేవాళ్లు. పిల్లాడు అన్నం గిన్నె మీద, నీళ్ల డ్రమ్ము మీద, శంషాబాద్ పోయే బస్సు రేకు మీద కొట్టేవాడు. కండక్టర్ దింపేసిన రోజులున్నాయి. ఎయిర్‌పోర్టుకు భూములు పోయినప్పుడు మేత బీళ్లు పోయాయి, రాజయ్య మంద అమ్మేశాడు. ఊళ్లలో కథ పెట్టించేవాళ్లు తగ్గారు. వీడైనా బాగుపడాలని కొడుకును నగరంలో ఒక సంగీతం మాస్టారు ఇంట్లో చేర్చాడు.

"రాజన్ననే తీస్కపోయిండు బిడ్డా. నేను గూడ ఎంబడి పోయిన. పోరని భుజం నొస్తదని డోలు రాజన్ననే మోసిండు. ఆ సారు ఇంటి కాడ దించి, 'ఇగ నువ్వు ఊరికి రాకు' అన్నడు. గట్టిగనే అన్నడు. గట్ల అనకుంటె పోరడు ఎనకకు ఉరికొస్తడని. మలుపు తిరిగినంక రోడ్డు మీద కూసుండి ఏడ్శిండు."

కొడుకు తిండికీ చదువుకూ డబ్బు పంపడానికి రాజయ్య గగన్‌పహాడ్‌లో పాత ప్లాస్టిక్ కరిగించే ఒక షెడ్డులో చేరాడు. ఆ పొగకు దగ్గు పట్టుకుంది. గొంతు పోయింది. రాజయ్య గొంతుతోపాటు కుర్మయ్య వంతా ఆగిపోయింది. పాండు మొదటిసారి నగరంలో పెద్ద వేదిక ఎక్కిన రోజు ఇద్దరూ బస్సెక్కి పోయారట.

"లోపటికి పోలె. 'నా దగ్గుకు పోరని డోలు ఖరాబైతది' అని గేటు బయటనే నిలబడ్డడు. ఆడ్నించే మొత్తం ఇన్నడు. నోట్లె తువ్వాల కుక్కుకుని ఇన్నడు. 'మనం వచ్చినట్టు ఆనికి చెప్పకు, పరేషాన్ అయితడు' అన్నడు. నేను అట్లనే అన్న. గంతే."

పాండుకు ఇవేవీ తెలియవు. తండ్రి రావద్దన్నాడు, ఒక్కసారి కూడా తన డోలు వినడానికి రాలేదు. అతనికి తెలిసింది అంతే. ఇప్పుడు పక్కనుండి చూసిన మనిషే తిట్టెను, విసిరెను అని లోకమంతా వినేలా చెప్పాడు.

"ఫోన్ చేస్త, చెప్పు మామా."

"మాట ఎత్తుడు నాకు రాదు బిడ్డా. ఆడు అడుగుతె చెప్త."

"నేను చెప్త మరి."

"వద్దు," అన్నాడు. ఆయన నోట వద్దు అనే మాట నేను వినడం అదే మొదలు. "రాజన్న పేరు నా నోటితోని ఖరాబైంది. నేనే చెప్పాలె."

ఆ ఐతారం పాండు ఫోన్ రాలేదు. తర్వాతి ఐతారమూ రాలేదు. మామ పొద్దున్నే తల దువ్వుకుని వచ్చి బెంచీ మీద నా ఫోన్ పక్కన కూర్చునేవాడు. చాయ్ చల్లారిపోయేది. ఎవరో గిరాకీ ఫోన్‌పే చేస్తే వచ్చే చప్పుడుకు ఉలిక్కిపడేవాడు. డ్రైవర్లు ఎప్పటిలాగే "మామా..." అని ఏదో మొదలుపెడితే ఆయన వాళ్ల ముఖం చూసేవాడు, కానీ వంత పలికేవాడు కాదు. కాసేపటికి వాళ్లకూ ఆట విసుగొచ్చి మానేశారు. మధ్యాహ్నాలు గేటు దగ్గర వినిపించే ఆ సగం పాట కూడా ఆగిపోయింది. నేను ఆయనకు చెప్పకుండానే పాండుకు ఫోన్ చేశాను. మధు అని అతని దగ్గర పనిచేసే అబ్బాయి ఎత్తాడు. "అన్న రికార్డింగ్‌లో ఉన్నారు మేడమ్, చెప్తాను," అన్నాడు. చెప్పాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

వర్షాలు మొదలయ్యాయి. ఒక పొద్దున, ఐతారం కూడా కాదు, గిరాకీ బాగా ఉన్న వేళ, నా ఫోన్ మోగింది. పాండు. నా చేతికున్న పిండి ఫోనంతా అయింది. మామను కేకేసి, గిరాకీలను ఆగమని కసిరి, స్పీకర్ పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

"కాకా," అన్నాడు పాండు. వెనుక ఎయిర్‌పోర్టు మైకు వినపడుతోంది. "నేను ఈడనే ఉన్న, ఎయిర్‌పోర్టుల. ముంబై పోతున్న. జరసేపే ఉన్నది."

ఇక్కడే ఉన్నాడు. మా బండి నుంచి చూస్తే ఎయిర్‌పోర్టు దీపాలు కనిపిస్తాయి. మామ అటే తిరిగి నిలబడ్డాడు.

"బాగున్నవా బిడ్డా?"

"ఒక్క మాట అడుగుత కాకా. ఇన్నొద్దులు నన్ను నేనే సముదాయించుకున్న. బాపు నా మంచికే రావద్దన్నడు, మనసుల ఏం లేదు అని. నువ్వు పక్కన ఉన్నోనివి. నువ్వే లోకానికి చెప్పినవు. ఇగ నాకు చెప్పు. బాపు నన్ను ఎల్లగొట్టిండు. గంతే గద?"

అని ఆగాడు. సరిగ్గా కథకుడు మాట ఎత్తి వదిలినట్టే వదిలాడు. మామ పెదవులు అలవాటుగా విడిపోయాయి. ఆ ముసలాయన బెంచీ అంచు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కాదు," అన్నాడు.

"ఏందీ?" అన్నాడు పాండు.

"కాదు బిడ్డా. కాదు. నేను చెప్త, ఇను." చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అంతలో మా నెత్తి మీద నుంచి విమానం లేచింది. మా దగ్గర విమానం పోతుంటే మాట ఆపి, పోయాక అందుకోవడం అందరికీ అలవాటే. మామ కళ్లు మూసుకుని ఆగాడు. ఆ హోరులో, ఫోన్‌కు దగ్గరగా ఉన్న నాకు మాత్రం పాండు మాట వినపడింది. "కాకా, బోర్డింగ్ ఆపేస్తుండ్రు, పిలుస్తుండ్రు. దిగినంక చేస్త." ఫోన్ పెట్టేశాడు.

విమానం పోయింది. మామ కథ ఎత్తాడు.

జీవితంలో మొదటిసారి ఆయన ముందుమాట ఎత్తడం. గొంతు వణికింది, తర్వాత నిలదొక్కుకుంది. "రాజన్న కొడుకు చెయ్యి పట్టిండు, డోలు తన భుజానికెత్తిండు," అన్నాడు. వంత కోసం ఆగాడు. ఎవరూ పలకలేదు. "రావద్దని అన్నడు, మలుపు కాడ ఏడ్శిండు," అన్నాడు. ఆగాడు. గగన్‌పహాడ్ పొగ చెప్పాడు, దగ్గు చెప్పాడు, గేటు బయట తువ్వాల నోట్లో కుక్కుకుని నిలబడ్డ రాజయ్యను చెప్పాడు. ప్రతి మాట తర్వాత తల పక్కకు వంచి ఆగాడు. చేతిలో ఫోన్ ఎప్పుడో నల్లబడింది. ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని గిరాకీలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఫోన్ లేదు మామా, ఆపు అని చెప్పాలి. నాకు నోరెక్కువ అని ఊరందరికీ తెలుసు. ఆ నోరు అప్పుడు పెగల్లేదు.

చెప్పడం అయ్యాక కళ్లు తెరిచాడు. ముఖమంతా చెమట.

"ఇన్నడా బిడ్డా?"

"ఇన్నడు మామా," అన్నాను. "మొత్తం ఇన్నడు."

ఆయన ఫోన్ వంక చూడలేదు, నా వంకే చూశాడు. కోపంగా కాదు. నన్ను ఓదారుస్తున్నట్టు చూశాడు.

"కాదు బిడ్డా," అన్నాడు. "ఇన్నోడు ఊఁ కొడ్తడు."

గేటు దగ్గర ఏదో కారు హారన్ కొడుతోంది. ఫోన్ నా చేతిలో పెట్టి, చొక్కా సర్దుకుని గేటు తీయడానికి పోయాడు.